ఇంటిపేరు కస్తూరివారు

మా నాన్న దగ్గర ఒక పాత నోటుపుస్తకం ఉంది. అట్ట చిరిగిపోతే కాలెండరు కాగితంతో ఆయనే మళ్ళీ అట్ట వేసుకున్నారు. అందులో మా పుట్టింటివాళ్ళ వంశవృక్షం ఉంది, ఏడు తరాలది. మా పుట్టింటిపేరు తరచుగా వినబడేది కాదు. ఎవరికి చెప్పినా "ఏమిటీ?" అని రెండోసారి అడుగుతారు. ఆ పేరేమిటో ఇక్కడ రాయను లెండి. రాశానంటే ఆ పేరున్న పది పన్నెండిళ్ళ వాళ్ళూ కట్టగట్టుకుని నామీదికి వచ్చేస్తారు.

ఆ ఇళ్ళ లెక్కంటే నాన్నకు మహా పట్టింపు. పెళ్ళికి వెళ్ళినా, పన్నెండో రోజు భోజనానికి వెళ్ళినా, జ్ఞాతులు కనబడితే చాలు, "మనవాళ్ళు ఇంకెన్ని గడపలున్నార్రా?" అని మొదలుపెడతారు. మొన్న వేసవిలో నేను వెళ్ళినప్పుడు కూడా వేళ్ళు మడిచి లెక్క పెట్టి, "పదకొండు. నేనున్నంత కాలం పదకొండు. ఆ తరవాత పది" అన్నారు. ఆయనకు కొడుకులు లేరు. మేం ముగ్గురం ఆడపిల్లలం.

ఆ పుస్తకం తిరగేస్తూ నా పేరెక్కడుందా అని చూశాను. నాన్న పేరు కింద చిన్న గీత, గీత కింద "ఆ - 3" అని ఉంది. ఆడపిల్లలు ముగ్గురు అని అర్థం. ఇన్ని నవలలు రాసి, ఇన్ని పాత్రలకు పేర్లు పెట్టినదాన్ని, కన్నతండ్రి పుస్తకంలో ఒక అంకెలో మూడోవంతునయ్యాను! కోపం రాలేదంటే అబద్ధమే అవుతుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక, బి.ఏ.లో ఉండగా చదివిన ఒక నవల తీశాను. థామస్ హార్డీ రాసిన 'టెస్'. 1891లో 'గ్రాఫిక్' అనే ఇంగ్లీషు పత్రికలో ధారావాహికంగా వచ్చి, ఆ ఏడే పుస్తకమైంది. చదువుకునే రోజుల్లో అది ఒక మోసపోయిన పిల్ల కథ అనుకుని, చివరి పేజీల్లో ఏడ్చి, పరీక్షలో ఆరు పేజీల జవాబు రాసి ఊరుకున్నాను. ఈసారి చదువుతుంటే ఇంకోటి కనబడింది. అది ఒక ఇంటిపేరు కథ. ఇంటిపేరుతో మొదలై, ఇంటిపేరు పేరిట సర్వనాశనమైన ఇల్లు ఆ ఇల్లు.

చదవనివారి కోసం టూకీగా చెబుతాను. మే నెలాఖరున ఒక సాయంకాలం, చిల్లర బేరాలు చేసుకునే జాన్ డర్బీఫీల్డ్ ఇంటికి నడిచి పోతున్నాడు. గుర్రం మీద ఎదురొచ్చిన చర్చి గురువు ట్రింగమ్ "సర్ జాన్" అని పలకరిస్తాడు. ఆ గురువుగారికి పాత వంశాల చరిత్ర తవ్వడం సరదా. "నువ్వు ఇలాంటివాడివి కాదయ్యా, మీది డర్బర్విల్ అనే వీరుల వంశం. విలియం రాజుతో నార్మండీ నుంచి వచ్చినవాళ్ళు మీ పూర్వులు. ఫలానా ఊరి చర్చిలో మీవాళ్ళ సమాధులున్నాయి" అని చెబుతాడు. "మరి ఇప్పుడు మా భూములెక్కడున్నాయి?" అంటే, ఎక్కడా లేవంటాడు. ఊసుపోక చెప్పిన మాట! చెప్పి ఆయన దారిన ఆయన వెళ్ళిపోయాడు.

జాన్ నేరుగా తాగడానికి పోయాడు. తెల్లవారుజామున తేనెపట్లు సంతకు తోలుకెళ్ళవలసినవాడు లేవలేకపోయాడు. కూతురు టెస్ తోలుకెళ్ళింది. దారిలో నిద్ర తూగింది. మెయిలు బండి ఎదురొచ్చి గుద్ది ఇంటికి ఆధారమైన గుర్రం చచ్చిపోయింది. ఆ తప్పు నెత్తిన వేసుకుని టెస్, డర్బర్విల్ అనే పేరున్న ఒక ధనికురాలి ఇంటికి 'చుట్టరికం' కలుపుకోవడానికి బయల్దేరింది. అక్కడ అలెక్ చేతిలో పడింది. మిగతాదంతా దాని పర్యవసానమే. మన పెద్దవాళ్ళు "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు" అని ఊరికే అన్నారా?

ఇందులో గొప్ప విడ్డూరం ఏమిటంటే, ఆ ధనికులు డర్బర్విల్‌లే కారు. వాళ్ళ అసలు పేరు స్టోక్. సైమన్ స్టోక్ అనే వర్తకుడు ఉత్తరాదిన డబ్బు గడించి, ఎవరూ తనను గుర్తుపట్టని దక్షిణాదిన జమీందారులా బతకాలనుకున్నాడు. బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని, అంతరించిన వంశాల పుస్తకాలు తిరగేసి, వినసొంపుగా ఉందని డర్బర్విల్ అనే పేరు ఎంచుకుని తన పేరు వెనక తగిలించుకున్నాడు. బట్టల కొట్లో చీర ఎంచుకున్నట్టు! ఇంగ్లండులో ఇంటిపేరు మార్చుకోవడానికి పెద్ద అడ్డంకులేమీ లేవు. కనక నవలలో నిజం డర్బర్విల్ చిల్లర బేరగాడు, అబద్ధం డర్బర్విల్ బంగళాలో ఉన్నాడు. అరుదైన ఇంటిపేరుకు బజారులో ధర ఉంటుందనీ, ఆ ధర చెల్లించగలిగినవాడు వారసుడైపోతాడనీ హార్డీ ఇంత చల్లగా చెప్పాడు.

హార్డీ ఈ పేరును గాలిలోంచి పుట్టించలేదు. ఆయన పుట్టిన డార్సెట్ జిల్లాలో టర్బర్విల్ అనే కుటుంబం నిజంగానే ఉండేది. నార్మండీలోని ఒక ఊరి పేరు నుంచి వచ్చిన పేరది. మన గురజాడ, కందుకూరి ఊళ్ళ పేర్లయినట్టే. 16వ శతాబ్దంలో జార్జి టర్బర్విల్ అని ఆ వంశంలో ఒక కవి కూడా ఉన్నాడు. బేర్ రీజిస్ అనే ఊరి చర్చిలో వాళ్ళ సమాధులున్నాయి, వాళ్ళ పేరు మీద రంగుటద్దాల కిటికీ ఉంది. హార్డీ ఆ ఊరిని కింగ్స్‌బేర్ అని మార్చి నవలలో పెట్టాడు. ఊల్ అనే మరో ఊళ్ళో టర్బర్విల్‌ల పాత ఇల్లుంది. గోడల మీద ఇద్దరు స్త్రీల బొమ్మలుండేవి. నవలలో టెస్, ఏంజెల్ పెళ్ళయిన రాత్రి దిగిన ఇల్లు అదే.

ఇంటిపేర్లు ఎలా చితికిపోతాయో చూడండి. పెద్దలు పలికిన టర్బర్విల్ పల్లెటూరి నోళ్ళలో నలిగి టర్బర్‌ఫీల్డ్ అయింది, చివరికి ట్రబుల్‌ఫీల్డ్ అయింది. అంటే 'కష్టాల పొలం'! ఇది హార్డీ కల్పన కాదు, ఇంగ్లీషు ఇంటిపేర్ల నిఘంటువుల్లోనే ఉన్నది. హార్డీ మొదటి రాతప్రతిలో కథానాయిక ఇంటిపేరు ట్రబుల్‌ఫీల్డ్ అనే ఉండేది. తరవాత డర్బీఫీల్డ్ చేశాడు. మంచి పని చేశాడనుకుంటాను. నవల మొదటి పేజీలోనే 'కష్టాల పొలం' అంటే ఇక చదవడానికి ఏముంది?

పాలకేంద్రంలో టెస్‌తో పనిచేసే రెట్టీ ప్రిడిల్ అనే పిల్ల కూడా ఒకప్పటి పారిడెల్ ప్రభువుల సంతతేనట. బండ్లు తోలుకునే డెబీహౌస్‌లు ఒకనాటి డి బేయూలట. ఇలా దిగజారిన కుటుంబాల పేర్లు పాలకేంద్రం యజమాని వరసగా చెబుతాడు. ఆ వరసలో హార్డీ అనే పేరు కూడా ఉంటుంది! తాపీ మేస్త్రి కొడుకైన రచయిత, మా పూర్వులు కూడా జెర్సీ ద్వీపం నుంచి వచ్చిన గొప్పవాళ్ళేనని నమ్మినవాడు, తనను తాను ఆ గుంపులో నిలబెట్టుకుని నవ్వుకున్నాడు. ఆ నవ్వులో కాస్త ఉక్రోషం కూడా ఉందని నా అనుమానం. నాన్న పుస్తకం చూశాక నాకూ అలాంటి నవ్వే వచ్చింది మరి.

ఇక లెక్కల సంగతికి వస్తాను. భయపడకండి, నాకూ లెక్కలు రావు.

మన జనాభా లెక్కల్లో ఇంటిపేర్ల పట్టికలు వేయరు. వేద్దామన్నా తెలుగువాళ్ళ ఇంటిపేరు సగం కాగితాల్లో ఒక పొడి అక్షరమై కూర్చుంటుంది. అమెరికావాళ్ళు వేస్తారు. 2010 లెక్కల్లో స్మిత్‌లు 24 లక్షల 42 వేల 977 మంది తేలారు. కనీసం వందమందికి ఉన్న ఇంటిపేర్లు 1,62,253. ఇవి కాక దేశం మొత్తం మీద 60 లక్షలకు పైగా వేర్వేరు పేర్లు కనబడితే, వాటిలో సగానికి పైగా ఒక్కొక్క మనిషికే ఉన్నాయి. ఇంతమంది ఏకాకులా అని నేను ఆశ్చర్యపోయాను. కాదట. వాటిలో చాలా మటుకు రాసేవాడి చేతి తప్పులు, అక్షరం జారినవీ, రెండు పేర్లు కలిసిపోయినవీ. ట్రబుల్‌ఫీల్డ్ ఇప్పటికీ పుడుతూనే ఉందన్నమాట!

ఇంగ్లండులో గపీ అనే ఆయన 1890లో, అంటే 'టెస్'కు సరిగ్గా ఏడాది ముందు, ఏ జిల్లాలో ఏ ఇంటిపేరు ఎంతమందికి ఉందో లెక్కగట్టి పుస్తకం వేశాడు. ఎవర్ని లెక్కపెట్టాడు? డైరెక్టరీల్లో పేరు పడ్డ రైతుల్ని. రైతు ఊరు వదిలిపోడు కనక ఇంటిపేరు మొదలు అక్కడే దొరుకుతుందని ఆయన వాదం. బాగానే ఉంది. కాని డైరెక్టరీలో పేరు పడాలంటే కమతం ఉండాలి. గుర్రం కూడా పోగొట్టుకున్న జాన్ డర్బీఫీల్డ్ పేరు ఏ డైరెక్టరీలో పడుతుంది? మరీ అరుదైన పేర్లను గపీ ఎలాగూ పక్కన పెట్టేశాడు. ఇక పాలు పితికే టెస్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అసలైన లెక్క గాల్టన్‌ది. ఫ్రాన్సిస్ గాల్టన్ పెద్ద శాస్త్రజ్ఞుడు. గొప్ప వంశాలు ఎందుకు అంతరిస్తున్నాయా అని ఆయనకు దిగులు పట్టుకుంది. 1869లో రాసిన పుస్తకంలో ఒక కారణం చెప్పాడు. ప్రభువులు ఆస్తి కోసం వారసురాళ్ళను చేసుకుంటున్నారు. ఒక పిల్ల వారసురాలైందంటే ఆమెకు అన్నదమ్ములు లేరన్నమాట. అంటే అది సంతానం తక్కువున్న వంశం. ఆ లోటే అత్తవారింటికి కూడా పట్టుకొస్తోంది. విన్నారా? వంశం అంతరిస్తే తప్పెవరిది? కోడలిది! ఈ మాట చెప్పడానికి లండను దాకా పోనక్కర్లేదు, మా మేనత్త ఏ లెక్కలూ లేకుండానే చెప్పేది.

అయితే గాల్టన్‌లో ఒక మంచి గుణముంది. తన మాట మీద తనకే అనుమానం వచ్చింది. ఎవరి లోపమూ లేకుండా ఊరికే అదృష్టం కొద్దీ కూడా పేర్లు అంతరిస్తాయేమో చూడండని 1873లో ఒక పత్రికలో పాఠకులకు లెక్క ఇచ్చాడు. వాట్సన్ అనే చర్చి గురువు దాన్ని సాధించాడు. 1874లో ఇద్దరూ కలిసి వ్యాసం రాశారు.

వంటింటి భాషలో చెబుతాను. వంద ఇంటిపేర్లున్నాయి, ఒక్కో పేరుకు ఒక్కడే మొగాడు. వాళ్ళలో సగంమందికి కొడుకులు లేరు, సగంమందికి ఇద్దరేసి. అంటే తరం మారినా మొగవాళ్ళ సంఖ్య వందకు వందే. అయినా మొదటి తరానికే 50 పేర్లు పోయాయి. ప్రతి తరంలోనూ ఇదే వరస సాగితే రెండో తరానికి సుమారు 62, మూడో తరానికి దాదాపు 70 పేర్లు పోతాయి. మనుషులు ఒక్కరూ తగ్గలేదు, పేర్లు మటుకు రాలిపోయాయి! వాట్సన్ చివర్లో చిన్న పొరపాటు చేసి, ఎంతటి పేరైనా ఎప్పటికో పోక తప్పదని తేల్చాడు. తరవాతివాళ్ళు సరిదిద్దారు. సగటున ఒక మొగాడికి ఒక్క కొడుకో, అంతకన్నా తక్కువో ఉంటే పేరు పోవడం ఖాయం. ఒకటి కన్నా ఎక్కువుంటే నిలిచే అవకాశముంది, పోయే అవకాశమూ ఉంది. ఏమైతేనేం, కోడలి మీద పడ్డ నేరం చాలా మటుకు కొట్టేశారు.

కాని ఆ లెక్క మొదటి మెట్టు ఒకసారి మళ్ళీ చూడండి. కొడుకులు ఎందరు? అంతే. కూతుళ్ళు పదిమంది ఉన్నా ఆ లెక్కలో సున్న. నాన్న కనీసం 'ఆ - 3' అని వేశారు. గాల్టన్ అది కూడా వేయలేదు.

ఇప్పుడు ఈ లెక్క పట్టుకుని నవలలోకి వెళ్ళండి. డర్బీఫీల్డ్‌కు టెస్ తరవాత లిజా-లూ, అబ్రహాం, ఇంకో ఇద్దరాడపిల్లలు, ఒక మూడేళ్ళ మొగపిల్లవాడు, ఒక చంటిబిడ్డ. గాల్టన్ వచ్చి చూస్తే ఏమంటాడు? ఇద్దరు మగపిల్లలు కళ్ళెదుటే ఉన్నారు, ఈ వంశానికి ఢోకా లేదంటాడు. ఆ లెక్క ప్రకారం టెస్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నవల పొడుగునా ఆ 'లేని' పిల్లే ఇల్లు మోస్తుంది. గుర్రం చచ్చిపోతే ఆమే పోవాలి. తండ్రి చచ్చిపోయి, ఆయన ప్రాణంతో ముడిపడిన కౌలు తీరి, ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే తల్లినీ పిల్లల్నీ ఆమే చూడాలి. అప్పుడు వాళ్ళు సామానంతా బండికెత్తి ఎక్కడికి పోయారనుకున్నారు? పూర్వీకుల సమాధులున్న చర్చికే. బస దొరకలేదు. వంశం పేరున్న కిటికీ కింద, చర్చి గోడ పక్కన మంచం వేసుకున్నారు. ఆ ఇంటిపేరు వాళ్ళకు ఇచ్చిన ఆస్తి మొత్తం మీద ఆ గోడ నీడ ఒక్కటే.

నన్ను నిద్ర పట్టనివ్వని ఘట్టం ఇంకోటుంది. టెస్ బిడ్డ చావుబతుకుల్లో ఉంది. జ్ఞానస్నానానికి గురువుగారిని పిలవాలి. జాన్ డర్బీఫీల్డ్ తలుపుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఎందుకని? వంశం పరువు పోతుందని! ఒక ఏడాది కిందటి దాకా ఆయనకు వంశమున్నట్టే తెలియదు. నడిరాత్రి ఆ పిల్ల తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ లేపి, చేతులు జోడించి నిలబెట్టి, తనే బిడ్డ నెత్తిన నీళ్ళు చల్లి పేరు పెట్టుకుంది. 'దుఃఖం' అని. వెనకా ముందూ ఇంటిపేరేమీ లేదు. తెల్లవారేసరికి బిడ్డ లేదు. నవల మొత్తంలో ఒక మనిషి ఇంకో మనిషికి మనసారా పెట్టిన పేరు అదొక్కటే అనిపిస్తుంది నాకు.

ఇంత చూపించిన హార్డీ ఒక్కచోట మటుకు తడబడ్డాడు. ఇది నా ఫిర్యాదు. ఇంటిపేరు ఉత్త డొల్ల అని సైమన్ స్టోక్ ద్వారా చెప్పినవాడు, రక్తం దగ్గరికి వచ్చేసరికి మెత్తబడతాడు. టెస్ చేతితొడుగుతో అలెక్ మూతి మీద కొడితే, ఆమె పూర్వీకులైన వీరులకు ఇది అలవాటేనన్నట్టు ఒక మాట విసురుతాడు. చివర ఆమె హత్య చేశానని చెబితే, డర్బర్విల్ రక్తంలో ఏదో చీకటి గుణముందేమోనని ఏంజెల్ చేత అనుకోనిస్తాడు. ఏమండీ, పాతికేళ్ళు నిండకుండా అన్ని దెబ్బలు తిన్న ఆడపిల్లకు చెయ్యి లేవడానికి ఎనిమిది వందల ఏళ్ళ కిందటి నార్మన్ వీరుడు కావాలా? నోరు మూసుకుని భరిస్తే తన గుణం, తిరగబడితే తండ్రి తాతల గుణమా?

దీనికి జవాబు నవల మొదట్లో హార్డీయే రాసి పెట్టుకున్నాడు, తరవాత మరిచిపోయాడు. టెస్ అందమంతా తల్లి ఇచ్చిందేననీ, దానికి వీరుల వంశంతో గాని చరిత్రతో గాని సంబంధం లేదనీ అక్కడ స్పష్టంగా ఉంది. తల్లి జోన్ కూడా అదే అంటుంది, పిల్లకు ఆధారం దాని మొహమే గాని ఇంటిపేరు కాదని. మరి ఆ జోన్ పుట్టింటిపేరేమిటి? పుస్తకమంతా వెతికాను. నాకెక్కడా కనబడలేదు. నార్మండీ నుంచి వచ్చిన మొదటివాడి పేరు దగ్గర్నుంచి ముత్తాతల లెక్కలన్నీ ఉన్న నవలలో, కథానాయికను కన్నతల్లి ఏ ఇంటి పిల్లో లేదు! ఇంతమంది విమర్శకులు చదివారు, ఇన్ని సినిమాలు తీశారు. ఈ పుట్టింటిపేరు గురించి ఎవరికైనా బెంగ కలిగిందా అని.

చివరికి ఏమైంది? టెస్‌ను ఉరి తీశారు. అబ్రహాం ఉన్నాడు కనక డర్బీఫీల్డ్ అనే పేరు ఉంది. ఇంటిపేర్ల లెక్కలో అక్కడ ఏ నష్టమూ జరగలేదు. మా ఇంట్లో తిరగబడింది. పేరు పోతుంది, మేం ముగ్గురం నిక్షేపంలా ఉన్నాం. గాల్టన్ లెక్కలో మేమే నష్టం! ఈ రెండిళ్ళలో ఏది మిగిలిన ఇల్లో మీరే చెప్పండి.

మర్నాడు పొద్దున నాన్న పుస్తకం తీసి, 'ఆ - 3' కొట్టేసి, అక్కయ్య పేరూ నా పేరూ చెల్లాయి పేరూ రాశాను. వాటి కింద పిల్లల పేర్లు కూడా రాశాను, ఎవరి ఇంటిపేర్లతో వాళ్ళవి. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. నా పుస్తకం ఖరాబు చేశావేమిటే అంటారని కాచుకుని కూర్చున్నాను.

"అక్షరాలు గుండ్రంగా రాయవే, పైవన్నీ వంకర్లు పోయాయి" అన్నారు. తరవాత పెన్ను నా చేతికే ఇచ్చి, "మీ అమ్మ పుట్టింటిపేరు కూడా రాయి. ఖాళీ ఉందిగా, నా పేరు పక్కన" అన్నారు.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినబడింది. "ఆ పేరు ఎలా రాయాలో ఆయనకు గుర్తుందేమో కనుక్కోవే. పెళ్ళిశుభలేఖలోనే తప్పు వేయించారు!"